నాన్న శ్రుతి

ఆదివారం, రాత్రి 11 గంటలు

బీరువా మీది అట్టపెట్టె దించితే నాన్న పాటల సామాను బయటపడింది. గొంతు లేకుండా వట్టి వాద్యాలే ఉండే ట్రాక్ కేసెట్లు రెండు, కరావోకే వీసీడీలు, అంటే వీడియో సీడీలు, పదకొండు. "ఓలమ్మా, ఇవింకా ఉన్నాయేటి!" అంది అమ్మ. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక్కో వీసీడీ అరవై రూపాయలకు కొనేవాడు నాన్న. నెలకొకటి. జీతం రోజునే.

ఆ డిస్కుల్లో స్టీరియో ధ్వనిలో ఒక పక్క వట్టి వాద్యాలు, రెండో పక్క గొంతుతో సహా మొత్తం పాట. రిమోట్ బటన్ నొక్కితే గాయకుడు తప్పుకునేవాడు, నాన్న అందుకునేవాడు. కరావోకే అంటేనే జపాను భాషలో 'ఖాళీ ఆర్కెస్ట్రా'. 1971లో కోబేలో దైసుకే ఇనోయే పదకొండు యంత్రాలు చేయించి బార్లకు అద్దెకిచ్చాడు. పాటలుండేది 8-ట్రాక్ టేపు అనే పాతరకం కేసెట్లో; వంద యెన్‌ల నాణెం వేస్తే పాడుకోవచ్చు. పేటెంటు తీసుకోలేదు, ఎంత డబ్బు వదులుకున్నాడో! తర్వాత పళ్ళెమంత లేజర్ డిస్కులు, ఆ వెనక సీడీలోనే సాహిత్యం కూడా దాచిన సీడీ ప్లస్ జీ. మా ఇంటికి అవేవీ రాలేదు. కేసెట్ల నుంచి నేరుగా వీసీడీలకే వచ్చాం. సరుకు మారగానే అవే పాటలు మళ్ళీ కొన్నాడు.

ఘంటసాల చదివిన సంగీత కళాశాల ముందునుంచే రోజూ సైకిలు మీద ఆఫీసుకెళ్ళిన మనిషి. డెబ్బై దాటాక పై షడ్జం, అంటే పై 'స', అందడం లేదని పాడడమే మానేశాడు. నాకది చాలా బాధగా ఉండేది. కేసెట్టు వేగం తగ్గిస్తే శ్రుతి దిగుతుంది, కానీ పాట కూడా ఈడ్చుకుంటూ నడుస్తుంది. మా వీసీడీ ప్లేయరుకు శ్రుతి మార్చే మీటే లేదు.

సాయంత్రం ఫోన్లో నాన్న వీసీడీల్లోని ఒక పాటకు ట్రాక్ వెతికాను. పైసా అడగలేదు. యాప్‌లో శ్రుతి రెండు మెట్లు దించాను. లయ చెక్కుచెదరలేదు. నాన్న పక్కగదిలోంచి వచ్చి నిలబడ్డాడు. పల్లవి సన్నగా అందుకున్నాడు. చరణంలో ఎప్పుడూ ఆగిపోయే చోటు దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. దాటేశాడు.

"ఇంకో మెట్టు దించమ్మా. మళ్ళీ పెట్టు."

ఇంతవరకూ పెడుతూనే ఉన్నాను.