కెమెరా ఖర్చులో ఫోటోల వాటా

2019 వేసవిలో మా ఇంట్లో బల్ల మీది నుంచి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కింద పడింది. పడిన ఎత్తు రెండడుగులకు మించదు. మళ్లీ కంప్యూటరుకు కలిపితే లోపల టక్ టక్‌మని చప్పుడైందే తప్ప డిస్కు తెరుచుకోలేదు. అందులో నాలుగేళ్ల ఫోటోలు ఉన్నాయి. కోరింగ మడ అడవుల్లో తెల్లవారుజామున తీసిన పక్షులు, మా చెల్లెలి కూతురి అన్నప్రాశన, 2017లో కన్నుమూసిన మా నాయనమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న దృశ్యం, అన్నీ అందులోనే ఉన్నాయి. డేటా రికవరీ చేసే ఒక సంస్థకు పంపాను. సమాచారం దాగి ఉండే లోపలి పళ్లేల మీద గీతలు పడ్డాయని, ఏమీ రాదని చెప్పి వారు డిస్కును తిరిగి పంపించారు.

అప్పటికి కెమెరా మీద, లెన్సుల మీద నేను పెట్టిన ఖర్చు లక్ష రూపాయలకు దగ్గర పడింది. తీసిన ఫోటోలను దాచడానికి పెట్టినది ఆ ఒక్క డిస్కు ఖరీదే. అందువల్ల ఈ అభిరుచిలోకి కొత్తగా వస్తున్నవారు ఎవరు సలహా అడిగినా నేను ముందుగా చెప్పే మాట ఒకటే. మీరు అనుకున్న మొత్తంలో ఐదో వంతును పక్కన పెట్టి, దానిని ఫోటోలను భద్రపరచడానికీ, పరికరాలను తేమ నుంచి కాపాడడానికీ మాత్రమే వాడండి. మిగిలిన దానితోనే కెమెరా ఎంచుకోండి.

ఏ కెమెరా కొనాలన్న ప్రశ్న అందరూ అనుకునేంత పెద్దది కాదు. పదేళ్ల కిందటి 24 మెగాపిక్సెళ్ల కెమెరా అయినా 6000×4000 చుక్కల చిత్రాన్ని ఇస్తుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రిస్తే అది 20 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు వస్తుంది. ఇంటి గోడకు వేలాడదీసే పటానికి అంతకంటే ఎక్కువ అవసరం ఉండదు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ (కెమెరాలో వెలుతురును పట్టి చిత్రంగా మార్చే పలక) 36×24 మిల్లీమీటర్లు, అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సి సెన్సర్ సుమారు 23.5×15.6 మిల్లీమీటర్లు (కేనన్‌లో ఇంకా కొంచెం చిన్నది). పెద్ద సెన్సర్‌తో మసక వెలుతురులో చిత్రం కొంత శుభ్రంగా వస్తుందన్నది నిజమే. అయితే దానికి తగిన లెన్సుల బరువూ ధరా కూడా అదే స్థాయిలో పెరుగుతాయి కనుక, మొదటి రెండేళ్లకు ఏపీఎస్-సి చాలునన్నది నా గట్టి అభిప్రాయం.

డబ్బు పెట్టవలసిన చోటు లెన్స్. లెన్స్ మీది మిల్లీమీటర్ల సంఖ్య పెరిగే కొద్దీ దృశ్యం దగ్గరగా, ఇరుకుగా కనిపిస్తుంది; ఎఫ్ సంఖ్య తగ్గే కొద్దీ లెన్స్ ఎక్కువగా తెరుచుకుంటుంది. కెమెరాతో పాటు వచ్చే 18-55 లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6కే తెరుచుకుంటుంది. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ దానికంటే దాదాపు పది రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది. సాయంత్రం పూట ఇంట్లో జరిగే సీమంతంలోనో, దీపాల వెలుగులో జరిగే పూజలోనో సెకనులో పదో వంతు తీసుకునే చిత్రం ఆ లెన్స్‌తో నూరో వంతులో వచ్చేస్తుంది. చేతి వణుకు, మనుషుల కదలిక కనబడకుండా పోయేది అక్కడే. ఏపీఎస్-సి కెమెరా మీద 50 లెన్స్ దాదాపు 75లా పనిచేస్తుంది కనుక, మన మామూలు పది పన్నెండు అడుగుల గదుల్లో గోడకు ఆనుకున్నా నలుగురిని ఒకే చిత్రంలో పట్టించడం కష్టం. ఇంట్లో జరిగే కార్యాలు తీయాలనుకునేవారు 35 ఎఫ్/1.8 తీసుకోవడం మేలు. నికాన్ డీ3000, డీ5000 వరుసల కెమెరాలలో లెన్స్‌ను తిప్పి ఫోకస్ కుదిర్చే మోటారు ఉండదు. కాబట్టి చవకగా దొరికిందని సొంత మోటారు లేని పాత ఏఎఫ్-డీ లెన్స్ కొంటే దానిని చేత్తో తిప్పుకోవలసి వస్తుంది. పక్షులు తీయాలనుకునేవారికి 70-300 సరిపోతుంది. ఏపీఎస్-సి కెమెరా మీద 300 దగ్గర అది 450తో సమానమైన దృశ్యాన్ని చూపిస్తుంది. కొల్లేరులో ఆటపాక దగ్గర గూడబాతుల వంటి పెద్ద పక్షులకు అది పుష్కలం.

సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు ఫోన్ టార్చిని ఒక వైపు నుంచి వేసి రెండో వైపు నుంచి చూడాలి. సాలెగూటి పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, అంటే బూజు. ధర ఎంత తగ్గించినా కొనకూడదు. కెమెరా అయితే షట్టర్ (వెలుతురును ఒక్క క్షణం లోపలికి వదిలే తెర) ఎన్నిసార్లు పడిందో అడగాలి. చాలా మోడళ్లలో ఆ సంఖ్య అప్పుడే తీసిన ఫోటో ఫైలులోనే నమోదై ఉంటుంది. ట్రైపాడ్ విషయంలో ఒక్క మాట: అరచేతిలో తేలిగ్గా ఆడే ట్రైపాడ్ సముద్రపు గాలికి నిలవదు.

ఇక ఫంగస్ విషయం. కాకినాడ, విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో కెమెరాకు దొంగల కంటే తేమ పెద్ద శత్రువు. నాకు రెండో నష్టం అలాగే జరిగింది. తోలు సంచిలో పెట్టిన ఒక లెన్స్‌ను బీరువాలో పట్టుచీరల పక్కన ఉంచాను. చీరల కోసం మా అమ్మ వేసిన కలరా ఉండలు కూడా అక్కడే ఉన్నాయి. వర్షాకాలం ముగిసేసరికి లోపలి గాజు మీద తెల్లటి పోగులు అల్లుకున్నాయి. మెకానిక్ దానిని విప్పి తుడిచినా, ఫంగస్ విడుదల చేసిన ఆమ్లం గాజుపూతను తినేయడంతో మచ్చ మాత్రం పోలేదు. వెలుతురుకు ఎదురుగా తీసిన ప్రతి చిత్రంలోనూ ఆ లెన్స్ ఇప్పటికీ ఒక పొగతెరను చూపిస్తుంది. చీకటి, కదలని గాలి, తేమ, ఈ మూడూ కలిసిన చోట అది పెరుగుతుంది. తోలు తేమను పట్టి ఉంచుతుంది కనుక తోలు సంచి ఎంత అందంగా ఉన్నా అది ప్రయాణానికే తప్ప నిల్వకు పనికిరాదు. కలరా ఉండల ఆవిరి గాజు మీద పేరుకునే అవకాశం ఉంది కనుక వాటిని దగ్గరకు రానివ్వకూడదు.

గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే లెన్స్ క్షేమంగా ఉంటుంది. కరెంటుతో పనిచేసే డ్రై క్యాబినెట్ కొనగలిగితే అది ఏళ్ల తరబడి ఆ స్థాయిని నిలుపుతుంది. కొనలేనివారు రబ్బరు అంచున్న, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి, తేమను పీల్చే సిలికా జెల్ గింజలు పావు కిలో, తేమను చూపే చిన్న మీటరు ఒకటి తెచ్చుకుంటే చాలు. మీటరు లేకుండా సిలికా జెల్ వేసి నిశ్చింతగా ఉండడం సరికాదు, ఎందుకంటే గింజలు ఎప్పుడు నిండిపోయాయో, డబ్బా మూత ఎప్పుడు వదులైందో బయటికి తెలియదు. నారింజ రంగు గింజలు తేమ పీల్చి ఆకుపచ్చగా మారుతాయి. వాటిని ఓవెన్‌లో సుమారు 120 డిగ్రీల వద్ద వేడిచేస్తే మళ్లీ పాత రంగుకు వస్తాయి. నీలం గింజల్లో ఉండే కోబాల్ట్ క్లోరైడ్ విషపదార్థం కనుక పిల్లలున్న ఇంట్లో నారింజ రంగువే వాడండి. బియ్యంలో కెమెరా పెట్టే అలవాటు కొందరిలో ఉంది. దాని పొడి లెన్స్ రింగుల సందుల్లోకి చేరడం తప్ప ప్రయోజనం పెద్దగా లేదు.

ఉప్పాడ తీరంలో తీసి వచ్చిన రోజు, సంచిలో పెట్టకముందే, మంచినీటితో కొద్దిగా తడిపి పిండిన గుడ్డతో కెమెరా పైభాగాన్ని తుడిచి, ఆపైన పొడిగుడ్డతో తుడవాలి. గాజును మాత్రం ముందు బ్లోయర్‌తో ఊది ఇసుక రేణువులు పోయాకే ముట్టుకోవాలి. అలాగే ఏసీ గది నుంచి ఉక్కపోతలోకి కెమెరాను ఒక్కసారిగా తీసుకువస్తే గాజు లోపలా బయటా నీరు పడుతుంది. గదిలో ఉండగానే జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్‌లో మూసి అరగంట బయట ఉంచి, ఆ తరువాత తెరిస్తే ఆ నీరు కవర్ మీదే పడుతుంది.

ఇప్పుడు మెమరీ కార్డుల సంగతి. కార్డు మీద పెద్ద అక్షరాలతో కనిపించే వేగం సాధారణంగా చదివే వేగం. మనకు కావలసినది రాసే వేగం. వీ30 అన్న గుర్తు ఉంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు నిలకడగా రాయగలదని అర్థం, అభిరుచి కోసం తీసేవారికి అది చాలు. 256 జీబీ కార్డు ఒకటి కొనే బదులు 64 జీబీ కార్డులు రెండో మూడో కొనండి. ఒకటి పోయినా ప్రయాణమంతా పోదు. నకిలీ కార్డులు మార్కెట్లో విరివిగా ఉన్నాయి. అవి 128 జీబీ అని చూపిస్తాయి కానీ లోపల 8 జీబీయే ఉండవచ్చు, నిండిన తరువాత వచ్చిన ఫోటోలన్నీ పాడైపోతాయి. కొన్న రోజునే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత ప్రోగ్రాముతో కార్డును చివరి వరకు నింపి పరీక్షించాలి. పొరపాటున ఫోటోలు చెరిపేస్తే వెంటనే ఆ కార్డును బయటికి తీయండి. చెరిపినప్పుడు పోయేది చాలావరకు పట్టికలోని పేరు మాత్రమే, మళ్లీ కొత్త ఫోటో దాని మీద పడేంతవరకు అసలు చిత్రం అక్కడే ఉంటుంది, ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము దానిని చాలాసార్లు వెలికి తీయగలదు.

రా ఫైలు (సెన్సర్ పట్టినదంతా ఉన్నదున్నట్టు దాచేది) తీయాలా, జేపెగ్ (కెమెరా కుదించి ఇచ్చే మామూలు చిత్రం) చాలా అన్నదానిపై వాదాలు ఎన్ని ఉన్నా, ప్రతి రంగులో జేపెగ్ వెలుగునీడల 256 మెట్లను, 14 బిట్ రా ఫైలు 16,384 మెట్లను నిలుపుకుంటుందన్న ఒక్క విషయం చాలు. చీకటిలో మునిగిన ముఖాన్ని తరువాత వెలుగులోకి తేవాలంటే ఆ మెట్లు కావాలి. కుదించిన రా ఫైలు 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో సుమారు 25 నుంచి 30 మెగాబైట్లు ఉంటుంది. నెలకు రెండుసార్లు బయటికి వెళ్లి, వెళ్లినప్పుడల్లా 300 చిత్రాలు తీస్తే ఏడాదికి 200 జీబీ అవుతుంది. బాగులేనివి తీసేస్తే అందులో సగం మిగులుతుంది. అంటే 2 టీబీ డిస్కు ఒకటి పదేళ్లకు పైగా వస్తుంది. నిల్వకు చాలా ఖర్చవుతుందన్న భయం నిరాధారమని ఈ లెక్కే చెబుతుంది.

ఆ డిస్కు ఒకటి కాక రెండు ఉండాలి, మూడో ప్రతి ఇంకోచోట ఉండాలి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇదే: మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటికి దూరంగా. 2019కి ముందు నాకు ఈ సూత్రం తెలియకపోలేదు, తెలిసి వాయిదా వేశాను. కంప్యూటరులో రోజూ వాడే కాపీ, తిరిగే పళ్లేలకు బదులు చిప్పులుండే ఎస్‌ఎస్‌డీలో ఉంటే, దాచే ప్రతులు మామూలు హార్డ్‌డిస్కులలో ఉంచండి. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి పక్కన పడేసిన ఎస్‌ఎస్‌డీ తనలోని సమాచారాన్ని క్రమంగా కోల్పోవచ్చు కనుక అది అటకకు పనికిరాదు. రెండు డిస్కులు ఒకదానికొకటి అద్దంలా ఉండే రెయిడ్ పెట్టెను కొందరు బ్యాకప్‌గా భావిస్తారు. అది పొరపాటు, ఎందుకంటే ఒకదానిలో చెరిపినది అదే క్షణంలో రెండోదానిలోనూ చెరిగిపోతుంది, వైరస్ వచ్చినా రెండింటికీ వస్తుంది. కాపీ అయిన వెంటనే డిస్కును కంప్యూటరు నుంచి విడదీసి ఉంచాలి. కార్డును ఫార్మాట్ చేసేది కూడా రెండు డిస్కులలోకి కాపీ అయి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూశాకే.

పేర్ల విషయంలో ఒక ప్రమాదం ఉంది. కెమెరా ఫైళ్లకు 9999 దాకా అంకెలు వేసి మళ్లీ 0001తో మొదలుపెడుతుంది. రెండేళ్ల ఫోటోలు ఒకే ఫోల్డర్‌లో వేసేవారు కాపీ చేసేటప్పుడు తొందరలో ‘రీప్లేస్’ నొక్కితే పాత ఫోటోల మీద కొత్తవి పడతాయి. అందుకే ప్రతి ప్రయాణానికి ఒక ఫోల్డర్ చేసి దానికి ‘2024-01-15 కోరింగ’ అన్నట్లుగా ముందు సంవత్సరం, తరువాత నెల, ఆపైన తేదీ వేస్తాను. అప్పుడు అవి వాటంతటవే కాలక్రమంలో నిలుస్తాయి.

క్లౌడ్ మంచిదే కానీ అదొక్కటే చాలదు. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుంచి అపరిమిత ఉచిత నిల్వను ఆపివేసి, 15 జీబీకే పరిమితం చేసింది. ఫోన్‌లో చెరిపితే అక్కడా చెరిగే సింక్ పద్ధతి ఉన్నంతవరకు దానిని మూడో ప్రతిగా మాత్రమే లెక్కించాలి. నేను ఏడాదిలో నచ్చిన రెండు వందల చిత్రాలను మాత్రం అక్కడ ఉంచుతాను. బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే చిత్రం కుదించుకుపోయి, తేదీ వివరాలు కూడా పోతాయి. చాలా ఇళ్లలో పెళ్లి ఫోటోలు అలా కుదించినవే మిగిలి ఉండడం చూసి నాకు బాధ కలుగుతుంది.

ఆరో నిజాం కాలంలో హైదరాబాద్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1905లో మరణించారు. ఆయన గాజు నెగటివ్‌లు 2,857ను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో కొన్నది. గాజును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే నూరేళ్ల తరువాత కూడా మనిషి ముఖం కనబడుతుంది. హార్డ్‌డిస్కును అలా పట్టుకుంటే ఏమీ కనబడదు, దానిని చదివే యంత్రం, తీగ, ప్రోగ్రాము అన్నీ అప్పటికి ఉండాలి. అందువల్ల నేను ఐదేళ్లకోసారి డిస్కులు మార్చి అన్నింటినీ కొత్తవాటిలోకి ఎక్కిస్తున్నాను, ఏటా ఒక యాభై చిత్రాలను మంచి కాగితం మీద ముద్రించి ఆల్బమ్‌లో అతికిస్తున్నాను.

మూడో ప్రతి రాజమండ్రిలో మా చెల్లెలి ఇంట్లో ఉంటుంది. ఏటా సంక్రాంతికి వెళ్లేటప్పుడు ఆ ఏడాది ఫోటోలతో నిండిన డిస్కును చీరల మధ్య కాక, మెత్తటి ఫోమ్ ఉన్న గట్టి డబ్బాలో పెట్టి తీసుకువెళ్లి, అక్కడ ఉన్న పాత డిస్కును వెనక్కి తెస్తాను. భోగి రోజు మధ్యాహ్నం ఆ రెండింటినీ వారి కంప్యూటరుకు కలిపి సరిచూస్తుంటే, అన్నప్రాశన ఫోటోలు పోయిన మా మేనకోడలు పక్కనే కూర్చుని, తన పుట్టినరోజుల ఫోల్డర్లను ఒక్కొక్కటిగా తెరిచి లెక్కపెడుతుంది.