మావాడి షీటు, మా అమ్మ క్యారియరు

మేము డాలస్ నుంచి ప్రొద్దుటూరు వచ్చేది మూడేళ్ళకోసారి, వచ్చినా ఉండేది పదహారు రోజులు. ఈసారి డిసెంబర్ సెలవులకి వచ్చేముందే మా పన్నెండేళ్ళ పిల్లోడు ఒక షీటు తయారుచేసి ప్రింటు తీసుకొచ్చినాడు. గండికోటలో సూర్యోదయం 6:30, బెలుం గుహలు 10:00, తాడిపత్రి గుళ్ళు 2:30, ఇంటికి 6:00. ఎక్కడ ఎంతసేపు, కారులో ఎంతసేపు, నీళ్ళ బాటిళ్ళు ఎన్ని, అన్నీ రాసుకున్నాడు. వాడికి అసలు మోజు బెలుం మీద. గుహ పొడవు 3,229 మీటర్లని, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయన దీన్ని గురించి రాసినాడని, 1982, 83లో జర్మనీ వాళ్ళొచ్చి లోపల కొలిచినారని, జనానికి తెరిచింది 2002లోనని విమానంలో చెల్లెలికి చెప్తానే ఉన్నాడు.

పొద్దున నాలుగున్నరకి బయల్దేరాలి. నాలుగుకే వాడు బూట్లేసుకుని మెట్ల మీద కూర్చున్నాడు. మా అమ్మ అప్పుడు పొయ్యి ముట్టించింది. పిల్లోళ్ళు బయట ఏం తింటారు అని చిత్రాన్నం, ఓలిగలు, పెరుగన్నం, అన్నీ క్యారియర్‌లో కట్టేసరికి ఆరు దాటింది, మళ్ళా పక్కింటి పెద్దామె మనవణ్ణి చూడల్లని వస్తే ఆమెతో రెండు మాటలు, కారు కదిలేసరికి ఆరూ నలభై. మేము జమ్మలమడుగు చేరకముందే సూర్యుడు పైకొచ్చేసినాడు. వాడేమీ అనలేదు, పెన్ను తీసి మొదటి వరస కొట్టేసినాడు.

గండికోట మాత్రం బాగా చూసినాం. పెన్న కొండని కోసుకుంటూ పోయిన ఆ లోయ అంచున నిలబడితే మా పాప నా చెయ్యి ఇడిస్తే ఒట్టు. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, గాదె అన్నీ తిరిగి తొమ్మిదిన్నరకి కారెక్కినాం. ఇంక తిన్నగా బెలుమే అనుకుంటాంటే మా అక్క ఫోను. "మా ఊరి మీదనే పోతా ఇంటికి రాకుండా పోతారా రా" అనింది. జమ్మలమడుగులో అక్క ఇల్లు. ఐదు నిమిషాలు అని పిల్లోనికి చెప్పినా. సంగటి, నాటుకోడి పులుసు అప్పటికే పొయ్యి మీదున్నాయి, ఇంక ఐదు నిమిషాలెక్కడ, లేచేసరికి ఒంటిగంట.

ఇక్కడ జరిగినదాని గురించే నాకు ఇప్పటికీ బాధ. వాడు ప్రతి పది నిమిషాలకి వచ్చి "నాన్నా, పోదామా" అంటాండే. బావ ఆ కాగితం తీసుకుని అందరికీ చదివి వినిపించినాడు, "ఇదేమన్నా ఆర్టీసీ బస్సా, మిలిటరీనా" అన్నాడు, ఇంట్లో పదిమంది నవ్వినారు, నేను కూడా నవ్వినా. వాడు నా ముఖం చూసినాడు. చూసి కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. బావ మంచోడే, ముద్దుగానే అన్నాడు. కానీ అక్కడ డాలస్‌లో టైమంటే టైము, ఇంకొకరిని కాచిపెట్టకూడదు అని వానికి చిన్నప్పట్నుంచి నేర్పింది నేనే. వాని హోంవర్కైనా, సాకర్ ప్రాక్టీసైనా నిమిషం ఆలస్యమైతే నేనే కోప్పడతా. అట్లాంటిది నేను నేర్పిన దానికే నలుగురూ నవ్వుతాంటే నేను వాని పక్కన నిలబడలేదు.

జమ్మలమడుగు దాటినాక కొంత దూరానికి టైరు పోయింది. స్టెప్నీ తీస్తే అందులో గాలి లేదు. డ్రైవర్ దారిలో పోయే బండి ఆపి టైరు తీసుకుని పంక్చర్ షాపుకి పోయినాడు, షాపాయన భోజనానికి పోయినాడంట, మేము రెండు గంటలు రోడ్డు పక్కన. ఒకపక్క నల్లరేగడిలో శనగ చేలు పచ్చగా, ఇంకోపక్క చేనుకి కంచెలాగా నాటిన బండలు. పిల్లోడు ఆ బండని తడిమి, "ఇది లైమ్‌స్టోనే కదా, బెలుం కూడా ఇదే, వాన నీళ్ళు దీన్ని కరిగించి కరిగించి గుహ చేసినాయి" అని చెల్లెలికి చెప్తాంటే మా అమ్మ నన్నడిగింది ఏమంటాన్నాడని. నేను చెప్పినా. "మన వంటింట్లో పరిచింది ఈ బండలే కదా, నీళ్ళకి కరుగుతాయా?" అనింది. వాడు ఇంగ్లీషూ తెలుగూ కలిపి, చేతులతో చూపిచ్చి, కొన్ని లక్షల ఏళ్ళు పడతాది జేజీ అని చెప్పినాడు. రోజూ రాత్రి చాపేసుకుని వాడు పడుకునేది ఆ బండల మీదనే. మా అమ్మ చాలాసేపు ఏదో ఆలోచిస్తా కూర్చునింది.

బెలుం చేరేసరికి ఐదు దాటింది. టికెట్లు ఆపేసినారు. తప్పు వాళ్ళది కాదు, ఆలస్యమైంది మేము. ఎదురుగా తెల్లటి పెద్ద బుద్ధుడి విగ్రహం, దాని దగ్గర మావాడు అటు తిరిగి నిలబడినాడు, భుజాలు కదులుతాంటే ఏడుస్తాన్నాడని తెలిసింది. "ఎందుకు నాయనా ఏడుస్తావు, గుహ యాడికి పోతాది, ఇంకోసారి చూడొచ్చులే" అనింది మా అమ్మ.

ఇంకోసారి అంటే మూడేళ్ళు. అప్పటికి వానికి పదిహేను. ఆ మాట మా అమ్మకి చెప్పల్లని నోరు తెరిచినా, తెరిచినాక చెప్పలేకపోయినా, ఎందుకంటే ఆ మూడేళ్ళ లెక్క నాకంటే ఆమెకే బాగా తెలుసు. క్యాలెండర్‌లో పదహారు రోజులకీ గీతలు పెట్టుకునింది ఆమె. ఉన్న పదహారు రోజుల్లోనే మనవణ్ణి ప్రతి ఇంట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టించల్లని ఆమె, ఉన్న పదహారు రోజుల్లోనే అంతా చూసెయ్యల్లని వాడు. ఇద్దరిదీ ఒకటే తొందర, నాకు ఆ పొద్దు దాకా తట్టలేదు.

నేను పోయి వాని పక్కన నిలబడి సారీ చెప్పినా. ఆలస్యానికి కాదు, నవ్వినందుకు. మా ఇళ్ళల్లో తండ్రి కొడుక్కి సారీ చెప్పేది ఉండదు, మా నాయన నాకు ఎప్పుడూ చెప్పలేదు. మా అమ్మ వింటానే ఉంది. కాసేపు ఊరకుండి, "రేపు ఎన్నింటికి తెరుస్తారు?" అనింది.

"పదికంట. రేపు పెద్దనాయనోళ్ళు భోజనానికి పిలిచినారు కదమ్మా."

"నేను చెప్తాలే."

పిలిచిన భోజనానికి పోకపోవడమంటే మా వైపు ఎంత మాట పడాల్సొస్తాదో తెలిసినోళ్ళకి తెలుసు. ఆమే ఫోన్ చేసింది, పిల్లోనికి ఒంట్లో బాగలేదని అబద్ధం చెప్పలేదు, గుహ చూడల్లంట, వాని కోసం పోతాన్నాం అనింది. ఆ రాత్రి అక్క ఇంట్లోనే పడుకున్నాం. అమ్మ వాణ్ణి పిలిచి షీటు వెనకాల రేపటిది రాయమనింది, ఏ పనికి ఎంతసేపో ఆమె చెప్తాంటే వాడు రాసినాడు. ఇంగ్లీషు చదవలేదని వరసకొక గడియారం బొమ్మ కూడా వేసినాడు. క్యారియర్ కట్టడానికి ఆమె అడిగింది గంట, వాడు గంటన్నర ఇచ్చినాడు.

మర్నాడు పదికి ముందే బెలుంలో ఉన్నాం. మోకాళ్ళ నొప్పులని అమ్మ మెట్లు దిగలేదు, పైన చెట్టు కింద కూర్చునింది. లోపల ఉక్క, చొక్కాలు తడిసిపోయినాయి. 46 మీటర్ల లోతున పాతాళగంగ దగ్గర మావాడు గోడకి చెయ్యి ఆనించి అట్లే నిలబడినాడు, పిలిచినా రాలేదు, నేను తొందరపెట్టలేదు.

పైకొచ్చేసరికి అమ్మ క్యారియర్ పక్కన షీటు పట్టుకుని మెట్ల వైపే చూస్తాంది. వాణ్ణి చూస్తానే గడియారం బొమ్మ మీద వేలు పెట్టింది.

"పన్నెండుకి వస్తానంటివే నాయనా, ఇరవై నిమిషాలు దాటింది. రా, అన్నం తిను."