ముందు చేస్తాం, తర్వాత వింటాం

పోయినేడు వారాల పండుగకు ముందు రోజు మధ్యాహ్నమంతా మా పక్కింటి యూదుల పెద్దావిడ వంటింట్లో అట్లు పోస్తూ గడిపాను. మేముండేది న్యూజెర్సీలో. కీళ్ల నొప్పులతో పెనం తిప్పలేకపోతున్నానని ఆవిడే పిలిచారు. పొయ్యి మాత్రం తనే వెలిగించారు, అది వాళ్ల నియమం. ప్రతి గుడ్డునూ ముందు గాజు గ్లాసులో కొట్టి, రక్తపు చుక్క లేదని చూశాకే పిండిలో కలపనిచ్చారు.

వెళ్లగానే అడిగాను, ఈ పండక్కి అన్నీ పాలతోనే ఎందుకు చేస్తారు అని. "ముందు పొయ్యమ్మా, తర్వాత చెప్తాను" అన్నారు.

ఈ అట్లని బ్లింట్సెస్ అంటారు. తూర్పు యూరప్ యూదుల వంట. మైదా, గుడ్లు, పాలు, చిటికెడు ఉప్పు కలిపి, దోశ పిండికన్నా బాగా జారుగా చేసి అరగంట పక్కన పెట్టాలి. పెనానికి వెన్న రాసి, కాగితమంత పల్చగా పొయ్యాలి, ఒక్క వైపే కాల్చాలి. తిప్పబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు. కాలిన వైపు పైకి వచ్చేలా గుడ్డ మీద పరిచి, నీళ్లు ఓడ్చిన మెత్తటి తెల్ల చీజ్‌లో గుడ్డు సొన, పంచదార, నిమ్మతొక్క తురుము కలిపి ఆ మధ్యలో పెట్టి, అటూ ఇటూ మడిచి చుట్టేస్తాం. కాలని వైపు బయటికి ఉంటుంది కదా, అది తర్వాత వెన్నలో వేగుతుంది. మొదటి మూడూ చిరిగిపోయాయి. ఇరవై దాటాక చేతికి అలవాటైంది.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. పస్కా రెండో రోజు నుంచి నలభై తొమ్మిది రోజులు లెక్కపెట్టి, యాభయ్యో రోజున చేసుకునే పండుగ ఇది, మనం పెంతెకొస్తు అనేది కూడా దీన్నే. సీనాయి కొండ దగ్గర ధర్మశాస్త్రం అందిన రోజని వాళ్ల నమ్మకం. పస్కాకు పులియని రొట్టె, పర్ణశాలల పండక్కి పందిరి ఉన్నట్టు, ఈ పండక్కి ఇంట్లో ఫలానాది చెయ్యమని ధర్మశాస్త్రంలో ఎక్కడా లేదు. పాల వంటలు జనం ప్రేమతో పెట్టుకున్న ఆచారం. కారణాలు కూడా ఒకటి కాదు. పరమగీతము 4:11లో "నీ జిహ్వ క్రింద మధుక్షీరములు కలవు" అని ఉంది, ఆ పాలూ తేనే దేవుని వాక్యమేనంటారు. హీబ్రూలో పాలు అనే మాట అక్షరాల విలువ కలిపితే 40, మోషే కొండ మీద ఉన్న రోజులన్ని. రెండు బ్లింట్సెస్ పక్కపక్కన పెడితే ధర్మశాస్త్రపు చుట్టలా కనిపిస్తాయి కూడా.

నాకు బాగా పట్టుకున్నది ఇంకో కారణం. ధర్మశాస్త్రం అందిన ఆ రోజే ఇశ్రాయేలీయులకు ఆహార నియమాలు తెలిశాయి, అంటే అప్పటిదాకా మాంసం వండుకున్న కుండలు ఇక పనికిరావు, కొత్త పద్ధతిలో మాంసం సిద్ధం చేసుకునే వ్యవధీ లేదు, అందుకని ఆ పూటకు పాలతో సరిపెట్టుకున్నారట. విన్న రోజే మొదలుపెట్టేశారు! రేపు చూద్దాం అనలేదు.

ఇంటికొచ్చి నిర్గమకాండము 24:7 తీశాను. "యెహోవా చెప్పినవన్నియు చేయుచు విధేయులమై యుందుము". చిన్నప్పటి నుంచి చదువుతున్న వచనమే. మన బైబిల్లో విధేయులమై అని ఉన్నచోట హీబ్రూలో ఉన్నది "నిష్మా", అంటే వింటాం అని కూడా అర్థమని పెద్దావిడ చెప్పారు. నాఅసె వెనిష్మా: చేస్తాం, వింటాం. చెయ్యడమే ముందు. దేవుడు ఏం చెప్తాడో పూర్తిగా వినకముందే చేస్తామని ఒప్పుకున్నారని వాళ్ల వివరణ.

నేను అలా లేను. అర్థమయ్యాక చేద్దాం, మనసు కుదిరాక చేద్దాం అని పక్కన పెట్టిన మాట ఒకటుంది నాకు. ఎదుటివాళ్లని క్షమించమని దేవుడు చెప్పిన మాట. పొలం పంపకాల దగ్గర మొదలై మా అక్కకీ నాకూ మూడేళ్లుగా మాటల్లేవు. మనసు కుదరాలని ప్రార్థన చేస్తూనే ఉన్నాను, ఫోన్ మాత్రం చెయ్యలేదు. ఆ రాత్రి కూడా మనసేం కుదరలేదు, కోపం అలాగే ఉంది, ఏం మాట్లాడాలో తెలియక టెన్షన్‌గానే నంబరు నొక్కాను. అక్కడ పొద్దున్న ఆరున్నర.

అక్క ఎత్తింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఏం చేస్తున్నావే?" అంది.

"అట్లు పోసొచ్చానక్కా," అన్నాను.