మంచు పడేలోపు టమాటాలు సీసాల్లోకి

సెప్టెంబర్ మూడో శనివారం

పెరట్లో ఆరు రోమా టమాటా మొక్కలు పెట్టాను. ఆగస్టంతా ఊరించి ఇప్పుడు ఒక్కసారిగా మీద పడ్డాయి. ఓహైయోలో మా వైపు అక్టోబర్ మధ్యకల్లా ఫ్రాస్ట్ వచ్చేస్తుంది, ఆ ఒక్క రాత్రితో మొక్కలన్నీ ఉడకబెట్టిన ఆకుకూరలా వాలిపోతాయి. పోయినేడు పంచినవి పంచి మిగతావి ఫ్రీజర్‌లో కుక్కాను, సంక్రాంతి దాకా ఇంకో వస్తువుకి చోటు లేదు. అందుకని ఈసారి క్యానింగ్, అంటే సీసాల్లో నింపి మూత బిగించి, ఆ సీసాలనే వేడిలో మరిగించి నిలవ చేయడం.

రెండు డజన్ల పైంట్ సీసాలు కొన్నా, ఒక్కోటి అర లీటరు కన్నా కాస్త తక్కువ పడుతుంది. మూత రెండు ముక్కలుగా వస్తుంది: పల్చటి రేకు, దాని మీద రింగు. రింగు ఎన్నాళ్ళయినా వాడుకోవచ్చు, రేకు మాత్రం ఒక్కసారికే.

ఆదివారం

అయిదు కిలోల పళ్ళు ఏడు సీసాలకి వచ్చాయి. మరిగే నీళ్ళలో నిమిషం ఉంచి చన్నీళ్ళలో వేస్తే తోలు దానంతటదే ఊడుతుంది. ముక్కలు కోసి, చిదిమి, అయిదు నిమిషాలు మరిగించి వేడి మీదే నింపాలి, పైన అర అంగుళం ఖాళీ వదలాలి. ఒక్కో పైంటుకి ఒక టేబుల్ స్పూను నిమ్మరసం, అదీ కొన్న సీసాలోది. టమాటా పులుపు ఒక్కో కాయకి ఒక్కోలా ఉంటుంది, కొన్నిటి పీహెచ్ (ఇది ఎంత పెరిగితే పులుపు అంత తక్కువ) 4.6 దాటిపోతుంది, అక్కడి నుంచి బొటులిజం అనే ప్రాణాలు తీసే జబ్బు తెచ్చే బాక్టీరియాకి దారి తెరిచినట్టే. చెట్టు నిమ్మకాయ పులుపు కూడా ఒక్క తీరున ఉండదు కాబట్టి ఇక్కడ పనికిరాదు.

ఒంగోలు నుంచి అమ్మ వీడియో కాల్‌లో చూస్తూ కూర్చుంది.

"ఉప్పెంత వేశావే?"

"వేయలేదమ్మా."

"ఉప్పు లేకుండా నిలవేంటే?"

తన ప్రశ్నలో న్యాయముంది. ఆవకాయని కాపాడేది ఉప్పు, ఆవపిండి, కారం, పైన తేలే నూనె. ఇక్కడ ఉప్పు ఉత్త రుచి కోసమే, కాపాడేది పులుపూ మరిగించిన టైమూను. పైగా నూనె వేయకూడదు. తాలింపు పెట్టిన టమాటా పచ్చడిని సీసాలో బిగించేద్దాం అనే ఆలోచన నాకూ వచ్చింది, కానీ సీసాల్ని మరిగే నీళ్ళలో 35 నిమిషాలు ఉంచాలనే లెక్క నూనె లేని ఉత్త టమాటా గుజ్జుకి పరీక్షించి చెప్పింది, మనం వెల్లుల్లీ నూనే దట్టించాక ఆ లెక్క చెల్లదు. తాలింపు సీసా తెరిచాకే.

రింగు వేళ్ళతో తిప్పితే ఆగేంతవరకే బిగించాలి, బలమంతా పెడితే లోపలి గాలి బయటికి పోదు. సీసాల మీద అంగుళం పైనే నీళ్ళుండాలి. నీళ్ళు మళ్ళీ తెర్లడం మొదలయ్యాక 35 నిమిషాలు లెక్కపెట్టాలి, అదీ వెయ్యి అడుగుల ఎత్తు లోపలి ఊళ్ళకి. మూడు వేల దాకా అయితే 40.

ఒక సీసా మరిగే నీళ్ళలోకి దించుతుండగానే అడుగు ఊడిపోయింది, టక్‌మని శబ్దం, గుండిగంతా ఎర్రగా అయింది. తప్పు నాదే, మిగతా ఆరింటినీ వేణ్ణీళ్ళలో ఉంచి దాన్ని మాత్రం గట్టు మీద చల్లగా వదిలేశాను. అంతా తోడి, కడిగి, మళ్ళీ మొదలుపెట్టేసరికి రాత్రి పదకొండు.

సోమవారం

పన్నెండు గంటలు కదపకుండా ఉంచి రింగులు తీశా. రేకు మధ్యలో నొక్కితే కదలకూడదు. అయిదు గట్టిగా ఉన్నాయి, ఒకటి టిక్కు టిక్కుమంటోంది. అంచుకి గింజ అంటుకుని ఉంది, వెనిగర్ గుడ్డతో తుడవడం మర్చిపోయింది దాన్నే కాబోలు. అది ఫ్రిజ్‌లోకి వెళ్ళి రాత్రికి చారు అయింది.

అక్టోబర్ మొదటి శనివారం

రెండో విడత ఏడుకి ఏడు. మంట ఆపి, మూత తీసి, అయిదు నిమిషాలు ఆగి పైకి తీశాను, పోయినసారిలా రసం బయటికి పొంగలేదు.

తర్వాత బీన్స్, రెండున్నర కిలోలు. వీటికి పులుపు లేదు కాబట్టి మరిగే నీళ్ళు చాలవు, ఆ బాక్టీరియా బీజాలు వంద డిగ్రీల్లో గంటలు గంటలు బతుకుతాయి, 116 డిగ్రీలు కావాలి. అందుకు ప్రెషర్ క్యానరే దిక్కు. మన విజిల్ కుక్కర్ ఎందుకు వద్దంటే అది చిన్నది, త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది, ఈ టైములన్నీ పెద్ద క్యానర్ నెమ్మదిగా ఎక్కి దిగడాన్ని కూడా కలుపుకుని కట్టినవి. పక్కింటావిడ తనది ఇచ్చింది. పది నిమిషాలు ఆవిరి వదిలేసి, బరువు పెట్టి, పది పౌండ్ల ఒత్తిడి దగ్గర 20 నిమిషాలు. కుక్కర్‌ని కుళాయి కింద పెట్టి ఆవిరి దింపే అలవాటుతో నా చేయి రెండుసార్లు సింకు వైపు వెళ్ళింది! అలా చేస్తే సీసాలు లోపలి నీళ్ళు బయటికి కక్కేస్తాయి, దానంతటదే చల్లారాలి. అయిదు పైంట్లు వచ్చాయి.

ఫ్రాస్ట్ ముందు రోజు

గోంగూర మొత్తం కోసి నూనెలో మగ్గించి ఫ్రీజర్‌లో పెట్టా. పచ్చి టమాటాలు ఒక్కోటీ పేపర్‌లో చుట్టి అట్టపెట్టెలో వేశా, పండేవి పండుతాయి, లేకపోతే పప్పులోకి. పండుమిర్చి ఎండుతోంది.

బేస్‌మెంట్ అరలో టమాటా పన్నెండు, బీన్స్ అయిదు, మూతల మీద తేదీలు వేశాను, రింగులు తీసేశాను. ఏడాదిలోపు అవ్వాలి.

నవంబర్

మొదటి సీసా తెరిచి టమాటా పప్పు చేశా. చేయి అలవాటుగా చింతపండు పిండేసింది, నిమ్మరసం సంగతి గుర్తే లేదు, ముద్ద నోట్లో పెట్టుకుంటే పళ్ళు పులిసిపోయాయి. రెండో సీసాకి చింతపండు మానేసి ఉప్పు కాస్త పెంచాను, సరిపోయింది.