హైడ్రిల్లా బుడగలేస్తోంది, రొటాలా మొండికేసింది

మా చేపల తొట్టిలో పెంచుతున్న నీటిమొక్క రొటాలా ఈ వారం కూడా ఒక్క ఆక్సిజన్ బుడగ వదల్లేదు. పక్కనే గుచ్చిన మరో నీటిమొక్క హైడ్రిల్లా మాత్రం, లైటు వేసిన కాసేపటికే తుంచిన కాడ చివర నుంచి వరసగా బుడగలు వదులుతోంది. అదే తొట్టి, అదే లైటు, అదే ఎరువు. ఒళ్లు మండదా మరి! మిగతా మొక్కలు, అంటే క్రిప్టోలు (క్రిప్టోకోరైన్‌లు), జావా ఫెర్న్ బాగున్నాయి, వాటితో పేచీ లేదు.

మా బోరు నీళ్ల కేహెచ్ (నీళ్లలో బైకార్బనేట్ ఎంతుందో చెప్పే కొలత) 12. ఏపీఐ కంపెనీ చుక్కల కిట్‌తో చూసింది. రంగు పట్టీలను నేను నమ్మను. మొక్కల కోసం తొట్టిలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ ఇవ్వకముందు పీహెచ్ 8.1, ఇచ్చిన మూడు గంటలకు 7.5. కేహెచ్, పీహెచ్ కలిపి లెక్కేస్తే కరిగిన కార్బన్ డయాక్సైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాముల నుంచి 11కి వచ్చింది. 30 కావాలంటే పీహెచ్ 7.1కి దిగాలి. గ్యాస్‌ను సెకనుకు ఒక బుడగ నుంచి మూడుకు పెంచినా ససేమిరా అంటోంది. కరిగిన గ్యాస్ ఎంతుందో రంగుతో చూపే డ్రాప్ చెకర్ నీలం వదిలి సరైన ఆకుపచ్చకు రాదు.

హైడ్రిల్లాకేం, బైకార్బనేట్‌ను కూడా వాడుకోగలదు. బోరు నీళ్లలో దానికి కరువా! రొటాలా బురద నేలల్లో గాలికి ఆకు చాపి పెరిగే మొక్క. మునిగాక కరిగిన గ్యాసే దిక్కని నా అనుమానం. ఆ గ్యాసేమో గాలిలో కంటే నీళ్లలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఆకు చుట్టూ నీళ్లు నిలిచిపోతే ఇక అంతే. ఇది తొట్టిలో రొటాలా ఉన్న మూల చూస్తేనే తెలుస్తోంది: దుంగ వెనక ఆకులు అసలు ఊగట్లేదు.

గ్యాస్ ఎటు పోతోంది? ఫిల్టర్ నీళ్లు పైనుంచి దూకకుండా మట్టం పెంచితే పీహెచ్ 7.4 అయింది, అంతే. సిలికాన్ ట్యూబు గ్యాస్‌ను బయటికి వదిలేస్తుంది కాబట్టి దాన్ని తీసేసి వేరేది పెట్టాను, తేడా రాలేదు. ఇక మిగిలింది గ్యాస్‌ను సన్న బుడగలుగా చేయాల్సిన డిఫ్యూజరే. బుడగలు లావుగా లేచి నేరుగా పైకి పోయి పగులుతున్నాయి. పైగా నీళ్లు 30 డిగ్రీలు, ఈ వేడికి కరిగేదే తక్కువ.

ఆర్వో నీళ్లు కలిపి కేహెచ్ తగ్గించమంటున్నారు కొందరు. దానివల్ల పీహెచ్ అంకె దిగుతుంది గానీ గ్యాస్ ఎక్కువేం కరగదు. హైడ్రిల్లా జోరు తగ్గుతుందేమో, అది వేరే సరదా.

ఆదివారం గ్యాస్ ట్యూబును ఫిల్టర్ పీల్చే గొట్టం కిందకే పెడతా, లోపల తిరిగే రెక్కల చక్రం (ఇంపెల్లర్) బుడగల్ని నుగ్గు చేస్తుంది. గ్యాస్ ఎక్కువై గప్పీ చేపలు పైకొచ్చి నోరు తెరిస్తే ఆపేస్తా. రాత్రి గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ ఎలాగూ నడుస్తుంది, చీకట్లో మొక్కలూ ఆక్సిజన్ తినేవే కదా. రొటాలాను దుంగ ముందుకు మార్చేది మాత్రం పీహెచ్ సంగతి తేలాకే. రెండూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?