ట్రోలప్ గారి జమాఖర్చులు

ఆదివారం. పొద్దుటి నుంచీ ముసురు. బట్టలు ఆరవు, కరెంటు వస్తూ పోతూ ఉంది. ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ ఆత్మకథ తీసి, సాయంత్రానికి చివరిదాకా వచ్చేశాను.

చివర్లో ఒక పట్టిక ఉంది. ఏ పుస్తకానికి ఎంత ముట్టిందో వరసగా రాసి, కింద మొత్తం వేశాడు: 68,939 పౌండ్ల 17 షిల్లింగుల 5 పెన్నీలు. ఆ పెన్నీలు కూడా వదల్లేదు మహానుభావుడు! 1882లో ఆయన పోయాక, మరుసటి ఏడు ఈ పుస్తకం బయటికొచ్చింది. ఈ లెక్కలు చాలామందికి మింగుడుపడలేదు. దానికితోడు వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాణ్ణని చెప్పుకున్నాడాయె. తెల్లవారుజామున ఐదున్నరకల్లా బల్ల ముందుండాలి. లేపి కాఫీ ఇచ్చే ముసలి నౌకరుకు అందుకోసమే ఏడాదికి 5 పౌండ్లు అదనం. రాత పని అయ్యాక పోస్టాఫీసు ఉద్యోగం. రైలు ప్రయాణాల్లో ఒళ్లో చిన్న పలక పెట్టుకుని పెన్సిలుతో రాస్తే, భార్య రోజ్ ఇంట్లో సాపు ప్రతి తీసేది. అలా 47 నవలలు. 1852లో ఛానెల్ దీవుల్లో వీధి పక్కన పోస్టు డబ్బాలు పెట్టించిన సలహా కూడా ఈయనదే.

డబ్బు మనిషి అని ఈసడించుకున్నవాళ్లు ట్రోలప్ తల్లి ఫ్రాన్సెస్ కథ సరిగ్గా చదివారా అని నా అనుమానం. తండ్రి ప్లీడరీ సాగలేదు, వ్యవసాయమూ ముంచింది. 1834లో అప్పులవాళ్లకు దొరక్కుండా బెల్జియంలోని బ్రూజ్‌కి పారిపోయారు. అక్కడ కొడుకు హెన్రీకి క్షయ, భర్తా మంచాన పడ్డాడు. యాభై దాటాక కలం పట్టిన ఫ్రాన్సెస్ ఒక చేత్తో ఇద్దరికీ సేవ చేస్తూ, ఇంకో చేత్తో నవలలు రాసి ఇల్లు గడిపింది. ఆమె గదిలో మందు సీసాల పక్కనే సిరాబుడ్డి. ఆ ఇద్దరూ దక్కలేదు. ఆ ఇంట్లో పెరిగినవాడు రాతకు కూలి లెక్క కట్టుకుంటే తప్పేముంది?

పోనీ, లెక్కలే తప్ప మనసు లేదా అంటే అదీ కాదు. ఒకరోజు లండన్ అథీనియం క్లబ్బులో కూర్చుని రాసుకుంటుంటే, ఇద్దరు పాదిరీలు మిసెస్ ప్రౌడీ పాత్రని విసుక్కోవడం చెవిన పడింది. బిషప్పు భర్తని నోరెత్తనివ్వని గయ్యాళి ఆవిడ. ట్రోలప్ లేచి వాళ్ల దగ్గరికెళ్లి, రాసింది నేనే, ఇంటికెళ్లి వారం తిరక్కుండా చంపేస్తానన్నాడు. అన్నట్టే చంపేశాడు. ఆ తర్వాత అప్పుడప్పుడూ బాధపడ్డానని, ఆవిడంటే తనకెంతో ఇష్టమని ఆయనే రాసుకున్నాడు.

ఆ పాదిరీలు కాస్త మెల్లగా మాట్లాడుకుని ఉంటే ఆవిడ ఇంకో రెండు నవలలు బతికేది. ఆవిడ పోయే నవల ఇప్పుడే మొదలుపెట్టాలని ఉంది కానీ, రేపు ఆఫీసు. శనివారం దాకా ఆగాల్సిందే.