ఆరు వంజరాల లెక్క

బీఎస్సీ రెండో ఏడాదికి నాకు నార్మల్ (కొలతలు సగటు చుట్టూ గంట ఆకారంలో పరుచుకునే తీరు) వచ్చు, బైనామియల్ (ఇన్ని ప్రయత్నాల్లో ఎన్ని ఫలిస్తాయో చెప్పే లెక్క) వచ్చు. రెండూ ఒకే లెక్కలో కలిసొస్తే మాత్రం పెన్ను కదిలేది కాదు. పరీక్షలు దగ్గర పడుతుంటే అదే టెన్షన్. అప్పుడు మా స్టాటిస్టిక్స్ మాస్టారు ఇచ్చిన లెక్క ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది.

"మన ఫిషింగ్ హార్బర్‌కి వచ్చిన వంజరాల బరువు నార్మల్ అనుకోండి. సగటు 2 కిలోలు, స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటుకి అటూ ఇటూ బరువులు మామూలుగా చెదిరే దూరం, 400 గ్రాములు. ఆరు చేపలు తీస్తే, కనీసం రెండు 2.4 కిలోలు దాటే సంభావ్యత ఎంత?"

నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. ఆరు అనగానే నేను 400ని రూట్ ఆరుతో భాగించేశాను. మాస్టారు ఆపలేదు. ఎవరైనా లెక్క మధ్యలో వదిలేస్తే "అంత పెద్ద స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన ఊర్రా ఇది" అనేవారు. ఆ రోజు అదీ అనలేదు. నేను చివరిదాకా వెళ్ళాక మెల్లిగా అన్నారు: "నువ్వు కట్టింది ఆరింటి సగటు బరువు సంగతి. నేనడిగింది ఎన్ని చేపలని కదా నాయనా. ముందు ఒక్క చేపనే చూడు."

గంట ఆకారం గీసి, 2.4కి కుడివైపు తోకని సుద్దముక్క అడ్డంగా పట్టి తెల్లగా నింపారు. జెడ్ విలువ, అంటే సగటుకి ఎన్ని స్టాండర్డ్ డీవియేషన్ల దూరమో అది, 1. నార్మల్ టేబుల్‌లో ఎడమవైపు వైశాల్యం 0.8413, కాబట్టి తోక 0.1587. దాని చుట్టూ సున్నా చుట్టి, బాణం లాగి, బోర్డు రెండో సగంలో 'పీ' అని రాశారు, అంటే బైనామియల్‌లో ఒక్క చేప దాటే సంభావ్యత. "ఇక బరువు మర్చిపో. చేప దాటిందా, దాటలేదా, అంతే." నాకు తలుపు తెరుచుకుంది అక్కడే. ఒక్కటీ దాటకపోవడం 0.8413కి ఆరో ఘాతం, అంటే 0.3546. సరిగ్గా ఒక్కటే దాటడం, ఆ ఒక్కటీ ఆరింటిలో ఏదైనా కావచ్చు కాబట్టి, 6 × 0.1587 × 0.8413కి ఐదో ఘాతం, అంటే 0.4013. రెండూ ఒకటిలోంచి తీసేస్తే 0.2441.

నార్మల్‌కీ బైనామియల్‌కీ ఇంకో చుట్టరికం ఉంది. ప్రయత్నాల సంఖ్య బాగా పెద్దదైతే బైనామియల్‌ని నార్మల్‌తో సరిపెట్టొచ్చని 1733లోనే డి మువావ్ర్ అనే గణితవేత్త చూపించాడు. చాలామంది ఆ సరిపెట్టడాన్నీ మా చేపల లెక్కనీ కలిపేస్తారు. ఇక్కడ ఉన్నవి ఆరు చేపలే, ఆ దారి పనికిరాదు.

అప్పుడు చివరి బెంచీలోంచి మా స్నేహితుడు లేచాడు. వాళ్ళ నాన్న వేటకెళ్ళే మనిషి. "ఒకే వలలో పడ్డవైతే ఒకే గుంపువి ఉంటాయి సార్. ఒకటి పెద్దదైతే మిగతావీ పెద్దవే."

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. కాసేపు వాడివైపే చూశారు. "నువ్వన్నది నిజం. అప్పుడు ఒకదాని ఫలితం ఇంకోదాని సంగతి చెబుతుంది, బైనామియల్ నిలబడదు. అందరూ లెక్కలో ఒక వాక్యం కలుపుకోండి: ఆరు చేపలూ ఆరు వేర్వేరు పడవల నుంచి తీసినవి."

ఇప్పుడు నేను రొయ్యల ఎగుమతి యూనిట్‌లో క్వాలిటీ చూస్తున్నాను. శాంపిల్ ట్రే నా బల్ల మీదికి రాగానే కాటా దగ్గరికి వెళ్ళను. తెచ్చిన కుర్రాణ్ణి ముందు అడిగేది ఒకటే: "ఇవన్నీ ఒకే చెరువువా?"